నడుమ చిక్కన, అంచు పల్చన

కినుయో కన్ను పొరపడదు. అమగసాకి ఊళ్లోని ఆ చిన్న గాజు కార్ఖానాలో పనిచేసే పద్నాలుగు మందీ పదహారేళ్లుగా ఈ మాట నమ్ముకునే బతికారు. యజమాని కువాబరా గారైతే వచ్చినవాళ్లందరితో పైకే అనేవారు. అనక ఏం చేస్తారు, ఆవిడ సరేనని పెట్టెలో పెట్టిన కడ్డీ ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిరిగి రాలేదు మరి. ఆ కంటికి తోడు ఆవిడకి ఒక నోరు కూడా ఉండేది. దాని సంగతి నేను చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

వాళ్లు చేసేవి లెన్సులే, కానీ చూస్తే ఎవరూ లెన్సులనుకోరు. అగ్గిపుల్లకన్నా సన్నని గాజు కడ్డీలు. ఉబ్బు లేదు, గుంట లేదు, రెండు కొసలూ బల్లపరుపు. చెవిలోకీ కీళ్లలోకీ దూర్చి చూసే డాక్టర్ల గొట్టాల్లోకి పోతాయవి. వాటికి లెన్సు గుణం వచ్చేది కొలిమి దగ్గర, కరిగిన సూరేకారపు ఉప్పు తొట్టెలో. ఆ తొట్టె ఇవావోది. ఇవావో అంటే కినుయో మొగుడు.

నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ ఆయన ఆ కడ్డీల్ని ఉప్పు మరుగులో ఉంచుతాడు. గాజులో ఉన్న బరువైన సరుకు అంచుల్లోంచి కొంచెం కొంచెంగా ఉప్పులోకి దిగిపోతుంది, ఉప్పులోని తేలిక సరుకు వచ్చి ఆ ఖాళీల్లో కూర్చుంటుంది. నడుమ మాత్రం చిక్కగానే ఉండిపోతుంది. అంచుకు పోయేకొద్దీ పల్చన. వెలుగు చిక్కటి చోట నెమ్మదిగా నడుస్తుంది, పల్చటి చోట వడిగా నడుస్తుంది, అందుకని అంచుకేసి పోబోయిన కిరణం మెల్లగా నడుమకేసి ఒంగుతుంది, దాటి అటు పోతుంది, మళ్లీ ఒంగి వస్తుంది. ఎక్కడా టక్కున విరగదు. సరైన పొడవుకి కోస్తే, ఈ కొస దగ్గర పెట్టిన గీత ఆ కొసన చెదరకుండా నిటారుగా నిలబడుతుంది.

కొత్తగా చేరినవాళ్లకి ఇవావో ఇదంతా ముల్లంగి కూరతో చెప్పేవాడు. "పులుసులో ముల్లంగి వేశావనుకో. తొందరపడి తీస్తే లోపల పచ్చి. ఓపిగ్గా ఉంచితే నడుమ దాకా ఉప్పు పడుతుంది, తినడానికి బాగుంటుంది. గాజు దగ్గర ఆ బాగుండటమే కొంప ముంచుతుంది. నడుమ దాకా ఉప్పు పట్టిందా, అంచూ నడుమా ఒకటైపోతాయి. ఇక అది లెన్సు కాదు, ఉత్త గాజు పుల్ల."

"ఆయన కడ్డీలకి పట్టే ఓపిక నా ముల్లంగికి పట్టడు, సగం ఉడగ్గానే గిన్నె దగ్గరికొచ్చి కూర్చుంటాడు" అనేది కినుయో. అందరూ నవ్వేవాళ్లు, ఇవావో కూడా.

కానీ బల్ల దగ్గర ఆవిడ నవ్వేది కాదు. ఒక్కో కడ్డీని చిన్న పట్టకారుతో పట్టుకుని, దాని వెనకాల గీతల అట్ట పెట్టి, భూతద్దంలోంచి చూస్తుంది. అట్ట మీద లావు నుంచి సన్నం దాకా ఆరు వరుసల గీతలు. ఐదో వరుస గీతలు దేనికది విడిగా కనబడితే కడ్డీ పెట్టెలోకి. కలిసిపోయి కనబడితే పళ్లెంలోకి. పళ్లెంలో పడ్డవాటిని సాయంత్రం ఐదు గంటలకి, వెనక పెరట్లో దాగలి మీద, గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టాలి. ఎవరు చేశారో వాళ్లే పగలగొట్టుకోవాలి. కువాబరా గారి నాన్న పెట్టిన రివాజు అది. చెడ్డ సరుకు ఎవరి చేతిలోంచి వచ్చిందో ఆ చేతికే తెలియాలని ఆయన పట్టుదల. నన్నడిగితే ఆ ముసలాయన పట్టుదల ఒక మనిషి ప్రాణం తీసింది. కానీ నన్నెవరడిగారు.

ఆ ఏడు చెర్రీ పూలు రాలిపోయాక మొదలైంది. ఒక రోజు రెండు వందల కడ్డీల్లో నలభై పళ్లెంలో పడ్డాయి. అంతకు ముందు పదీ పన్నెండుకి మించి పడి ఎరగవు.

ఇవావో వచ్చి పళ్లెం కేసి చూశాడు. "ఇన్నా?"

"ఇన్నే. నేను చెయ్యలేదుగా."

"ఒకసారి మళ్లీ చూడు."

"చూశాను. ఐదో వరుస అలికేసినట్టుంది. బల్ల దగ్గర మీరెవరో నాకు తెలియదని పెళ్లయిన కొత్తలోనే చెప్పాను. గుర్తుందా లేదా?"

గుర్తుంది. అందులో ఆయనకి గర్వం కూడా ఉంది. మా ఆవిడ మొగుడి సరుకైనా వదలదు అని బహిరంగ స్నానశాలలో తొట్టెలో మెడ దాకా మునిగి కూర్చుని ఎంతమందికి చెప్పుకున్నాడో. ఆ సాయంత్రం నలభై కడ్డీలూ గుడ్డలో చుట్టి తనే పగలగొట్టాడు.

వర్షాలు మొదలయ్యేసరికి పళ్లెంలో పడేవి వందయ్యాయి. కువాబరా గారు స్వయంగా వచ్చి, కళ్లజోడు పైకి నెట్టుకుని, రెండు మూడు కడ్డీల్లోంచి చూశారు.

"నాకైతే బాగానే ఉన్నట్టుందమ్మా, కినుయో గారూ" అన్నారు, నీళ్లు నములుతూ.

"అలాగే. మీ కళ్లతో పంపిస్తారా, నా కళ్లతో పంపిస్తారా? మీరే చెప్పండి. మీ కళ్లతో అయితే ఈ కుర్చీలో మీరే కూర్చోండి, నేను ఇంటికి పోయి ఊరగాయలు పెట్టుకుంటాను."

ఆయన కడ్డీని మెల్లగా పళ్లెంలో పెట్టేసి వెళ్లిపోయారు. పదహారేళ్లు ఒక్క తప్పు చెయ్యని కన్నుకీ, లెక్కలు తప్ప ఏమీ చూడని తన కన్నుకీ పోటీ ఏమిటనుకున్నారు. ఇవావో కూడా ఒక రోజు అందరూ పోయాక చూశాడు. ఆయన కళ్లు ముప్పై ఏళ్ల కొలిమి వెలుగుకి ఎప్పుడో మొద్దుబారాయి. అయినా గీతలు విడిగానే ఉన్నట్టు తోచింది. ఆ మాటే అంటే, "మీకు ఏది కావాలో అదే కనబడుతుంది" అంది ఆవిడ. నిజమే కాబోలనుకున్నాడు.

ఇక పద్ధతి మార్చడం మొదలుపెట్టాడు. ఐదు గంటలు తగ్గించాడు. లాభం లేదు. పది గంటలు పెంచాడు. లాభం లేదు. వేడి పెంచాడు, తగ్గించాడు, ఉప్పు మొత్తం పారబోసి కొత్తది కరిగించాడు. తన చేతిరాతతో పదిహేనేళ్లుగా రాసుకున్న పుస్తకాన్ని పక్కన పడేసి గుడ్డిగా వెతుక్కున్నాడు పాపం. ఆ వెతుకులాటలో నిజంగానే పాడైనవి కొన్ని వచ్చాయి, నడుమ దాకా ఉప్పు పట్టి ఉత్త పుల్లలైపోయినవి. మంచివీ చెడ్డవీ అన్నీ ఒకే పళ్లెంలో పడ్డాయి. ఏది ఏదో ఎవరికి తెలుసు? రోజూ ఐదింటికి పెరట్లో సుత్తి చప్పుడు వినబడేది, లోపల ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు.

ఇంట్లో కినుయోకి వేరే చిరాకులు. దీపం చుట్టూ గుండ్రంగా మసక కనిపిస్తోందని బల్బు మూడుసార్లు మార్పించింది. ఉతికిన దుప్పట్లు పసుపు పట్టినట్టున్నాయని సబ్బు మార్చింది. చేపల కొట్టువాడితో, నిన్నటి చేప అంటగడుతున్నావని పోట్లాడింది. వాడు ఒట్టేసి ఇవాళ్టిదే అంటే, మీ నాన్న ఇలాంటివాడు కాదని నలుగురిలో కడిగేసింది. లోకమంతా పాడైపోతోందనుకుంది గానీ, తన వైపు ఒక్కసారి చూసుకుందామని తట్టలేదు. తడుతుందా, కన్ను తనని తాను చూసుకోలేదు కదా.

సెప్టెంబరులో ఒక పూట, చారు గిన్నె ముందు కూర్చుని ఇవావో అన్నాడు: "రేపు కువాబరా గారితో చెప్పేస్తాను."

"ఏమని?"

"నా చెయ్యి పోయిందని. ఇంకెవరినైనా చూసుకోమని."

కాదు, అలా అనకండి, అని ఆవిడ అనాలి. ఏ పెళ్లామైనా అంటుంది. ఆవిడ గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఆ రోజే నూట ముప్పై కడ్డీలు పళ్లెంలో పడేసి వచ్చింది, ఏ మొహంతో అంటుంది. "చారు చల్లారిపోతోంది, తాగండి" అంది.

మర్నాటి నుంచి ఆయన కొలిమి దగ్గరికి పోలేదు. కువాబరా గారు పొమ్మనలేదు. గోదాములో అట్టపెట్టెలు కట్టే పని ఇచ్చారు. ముప్పై ఏళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి, సుతిలి తాళ్లు కోస్తూ, ఎవరైనా వస్తే పక్కకి జరిగి దారి ఇస్తూ ఉండేవాడు. తిండి తగ్గింది. బెంగ అనుకున్నారు. నవంబరు వచ్చేసరికి తిన్నది నిలవడం మానేసింది.

ఆస్పత్రిలో కడుపులోకి గొట్టం పంపి చూశారు. బయటికొచ్చి ఇవావో భార్యతో అన్నాడు: "ఆ గొట్టంలో ఉన్నది నా చేతి గాజు కాదటలే. సరిగ్గానే కనబడి ఉంటుంది." ఆవిడ నవ్వలేదు.

డాక్టరు కినుయోనీ, ఇవావో అక్క తాజునీ వేరే గదిలోకి పిలిచి చెప్పాడు. క్యాన్సరు. వసంతం దాకా ఉంటే గొప్ప. ఆయనకి మాత్రం చెప్పకండి, పుండు అనండి, అన్నాడు. అందరూ చేసేది అదే. తాజు ముక్కు తుడుచుకుని, "నీ నోరు అదుపులో పెట్టుకో కినుయో, ఈ ఒక్కసారికీ" అంది. కినుయో మొగుడి మంచం దగ్గరికి పోయి, టీ కూజా కేసి చూస్తూ, "కడుపులో పుండట. చెర్రీలు పూసేనాటికి ఇంటికి పోవచ్చట" అంది. ఆయన "అలాగా" అన్నాడు.

కొలిమికి సోనోదా అని నలభై అయిదేళ్ల మనిషి ఒసాకా నుంచి వచ్చాడు. ఇవావో పాత పుస్తకం తీసి, గంటా వేడీ అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాడు. అతని మొదటి సరుకులో సగం కినుయో పళ్లెంలో పడేసింది. సోనోదా ఆ కార్ఖానాలో పదహారేళ్లు లేడు. ఆవిడ కన్నంటే అతనికి భయభక్తులు లేవు. నాలుగు కడ్డీలు తీసి కిటికీ దగ్గర నిలబడి చూసుకుని, వెనక్కి వచ్చాడు.

"అక్కా, కోపం తెచ్చుకోకండి. ఒకసారి కళ్లు చూపించుకోండి."

"నా కళ్లకేమొచ్చింది?"

"నాకేం తెలుసు. మా అమ్మ కూడా ఇలాగే అన్నంలో రాళ్లున్నాయనేది."

కార్ఖానాలో అందరూ తలలెత్తి చూశారు. ఆవిడ కడిగేస్తుందనుకున్నారు. ఆవిడ పట్టకారు బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కళ్ల డాక్టరు చిన్నవాడు, మాటకారి. శుక్లాలన్నాడు. కంటిలో ఉండే లెన్సు కూడా గాజు గోళీలాగా అంతా ఒకటే కాదు, పొర మీద పొర, నడుమ చిక్కన, అంచుకు పోయేకొద్దీ పల్చన, అందుకే అంత చిన్నదైనా వెలుగుని అంత బాగా వంచుతుంది, అని బొమ్మ గీసి చూపించాడు. "మీ రెండు కళ్లలోనూ ఆ నడుమ భాగం మసకబారింది, అంతే."

"ఎన్నాళ్లయింది?"

"మెల్లగా వస్తుందండీ, మనిషికి తెలియదు. ఏడాదో, రెండేళ్లో."

ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. అయినా మొండిది కదా, అప్పటికీ ఒప్పుకోలేదు. కొంచెం మసక ఉంటే ఉండొచ్చు, ఐదో వరుస కనబడనంత ఉంటుందా, అని తనతో తనే వాదించుకుంది. జనవరిలో అదే ఆస్పత్రిలో కుడి కంటికి ఆపరేషన్ చేసి, పాత లెన్సు తీసేసి కొత్తది పెట్టారు. ఎడమది తర్వాత చేద్దామన్నారు. ఆ రోజుల్లో ఇవావో దగ్గర తాజు ఉంది.

కట్టు విప్పాక కార్ఖానాకి పోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా బల్ల దగ్గర కూర్చుని, సోనోదా కడ్డీ ఒకటి తీసుకుంది. కొత్త కంటితో చూసింది. ఐదో వరుస దువ్వెన పళ్లలాగా విడివిడిగా ఉంది. ఆరో వరుస కూడా ఉంది. కొత్త కన్ను మూసి, పాత కంటితో అదే కడ్డీ చూసింది. అలికేసినట్టుంది. మళ్లీ కొత్త కన్ను. మళ్లీ పాతది. అలా ఎంతసేపు చూసిందో. నెలల తరబడి రోజూ చూసిన అలుకుడు అదే, రవ్వంత తేడా లేదు.

లేచి పెరట్లోకి పోయింది. దాగలి చుట్టూ, రాళ్ల సందుల్లో వెతికింది. పిండైపోయిన గాజు తప్ప ఏమీ లేదు. ఇవావో ఏ పనైనా నిక్కచ్చిగా చేసే మనిషి, ఒక్క కడ్డీ కూడా వదల్లేదు. అప్పుడు ఏడ్చింది. లోపల అందరికీ వినబడేలా ఏడ్చింది, ఎవరూ బయటికి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి పోయింది. ఇక ఆవిడకి కావలసింది ఒక్కటే. ఆయన పోయేలోపు ఆయన చెయ్యి మంచిదేనని ఆయనకి తెలియాలి. ఇంకేమీ అక్కర్లేదు. తాజు కప్పులు కడగడానికి బయటికి వెళ్లేదాకా ఆగి, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది. ఇవావో బాగా చిక్కిపోయాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నట్టున్నాడు.

"ఏమండీ. మీ కడ్డీలు బాగున్నాయి."

"ఏ కడ్డీలు?"

"చెర్రీ పూలు రాలినప్పటి నుంచి నేను పళ్లెంలో పడేసినవి. పాడైంది నా కళ్లు, మీ చెయ్యి కాదు. ఇవాళే తెలిసింది. ఈ కంటితో చూస్తే బాగుంది, ఆ కంటితో చూస్తే మసక. ఒకటే కడ్డీ. నాదే తప్పు. అంతా నాదే."

ఇవావో ఆవిడ కేసి చూశాడు. ఆవిడ సంచిలోంచి కాగితం చుట్టిన కడ్డీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య దొర్లించి, అలవాటుగా వెలుగుకేసి ఎత్తి చూశాడు.

"సోనోదాదా?"

"మీ పుస్తకం చూసే చేశాడు. మీ గంటలే, మీ వేడే. సగం పడేశానండీ, ఇలాంటివాటిని. మీవీ ఇలాగే ఉండేవి."

"బాగుంది. మంచి చెయ్యి" అన్నాడు. "పుస్తకం ఒకటే అయితే మాత్రం, అందరి వంటా ఒకే రుచి వస్తుందా ఏమిటి."

"నా మాట నమ్మరా?"

"నమ్ముతాలే. పుండు అన్నావు, నమ్మాను. చెర్రీలు పూసేనాటికి ఇంటికన్నావు, అదీ నమ్మాను. ఇదీ నమ్ముతాను."

ఆ మాట మెత్తగానే అన్నాడు. వరండాలో తాజు కుళాయి కింద కప్పులు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. డాక్టరు వద్దన్నాడు, వదినగారు వద్దన్నారు. అయినా ఇంకో దారి కనబడలేదు.

"పుండు కాదు. క్యాన్సరు. అది అబద్ధం చెప్పాను. ఇది నిజం చెప్తున్నాను. అర్థమైందా మీకు? అదీ ఇదీ ఒకటి కాదు."

ఇవావో చేతిలోని కడ్డీని దుప్పటి మీద పెట్టాడు.

"తెలుసు. పక్క మంచం ఆయనకీ పుండే అన్నారు. పోయిన మంగళవారం తీసుకుపోయారు."

"మరయితే ఇప్పుడు నమ్మండి. అబద్ధం చెప్పేదాన్నయితే ఇది చెప్తానా?"

"పిచ్చిదానా, ఇప్పుడే కదా చెప్పేది. పోయేవాడి మంచం పక్కన కూర్చుని నీ చెయ్యి చెడిందని ఎవరైనా అంటారా?"

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. కళ్ల డాక్టరు గీసిన బొమ్మ చెప్పింది, దీపం చుట్టూ మసక చెప్పింది, దుప్పట్లు చెప్పింది, వచ్చే దారిలో చేపలవాడి దగ్గర ఆగి క్షమాపణ కూడా చెప్పొచ్చానంది. అంతా ఒక్క ఊపిరిన చెప్పింది. ఒక్క కడ్డీ మిగిలి ఉంటే చాలేది, ఒక్కటైనా దాచుకుని ఉండాల్సింది మీరు, అంది.

"పగలగొట్టమన్నది దాచుకుంటానా నేను?" అన్నాడు ఇవావో, కొంచెం రోషంగా. తర్వాత ఆయన ముఖం మెల్లగా మారింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, అయినా నవ్వుతున్నాడు.

"నీకో మాట చెప్పనా? పదహారేళ్లు నీ బల్ల దగ్గరికొచ్చి చూసేవాణ్ణి. మొగుడిది కదా, పోనీలే అని ఒక్కటైనా పెట్టెలో పెడుతుందేమోనని. చెడ్డదే అయినా సరే, ఒక్కటి. నువ్వు పెట్టలేదు. నాకు గర్వంగానే ఉండేది, కానీ ఒక్కోసారి బాధగానూ ఉండేది. ఇవాళ పెట్టావు. నీకెంత కష్టమై ఉంటుందో నాకు తెలుసు. నాకోసమే కదూ?"

కాదండీ, అనబోయింది కినుయో. నిజంగానే మీ చెయ్యి మంచిదండీ, అని ఇంకోసారి, ఇంకో పదిసార్లు చెప్పడానికి నోరు తెరిచింది. ఎదురుగా ఆయన ముఖం ఉంది. ఏళ్ల తరబడి ఆ ముఖంలో అంత సంతోషం ఆవిడ చూడలేదు. కొత్త కంటికి ప్రతి గీతా విడివిడిగా కనబడుతోంది.

"అవును" అంది. "మీకోసమే."

ఆయన ఆవిడ చెయ్యి వదలకుండానే కళ్లు మూసుకున్నాడు. తాజు కప్పులు పట్టుకుని లోపలికి వచ్చి, కినుయో ముఖం చూసి, కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. ఇవావో ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికాడు. కడ్డీల మాట మళ్లీ ఎత్తలేదు.